నిదానం కొనుక్కున్న నిమిషాలు

డిపోలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేది జీతాల గుమస్తా ఒక్కడే, అదీ నెలకోసారి. మిగతా అందరికీ ఆయన నిదానం. ఇరవై తొమ్మిదేళ్లు సిటీ బస్సు నడిపి, మనిషికి గానీ కుక్కకు గానీ చిన్న గీత కూడా పడనివ్వని డ్రైవరుకు అది తగిన పేరే అనిపించవచ్చు. కానీ పెట్టినవాళ్లు గౌరవంతో పెట్టలేదు. పద్నాలుగో నంబరు బస్సు పెద్దాసుపత్రి దగ్గర బయల్దేరి నలభై నిమిషాల్లో నూలుమిల్లు గేటు చేరాలని టైమ్‌టేబుల్లో ఉంది. ఈయన చేతిలో అది యాభై అయ్యేది. వానపడితే గంట.

కారణం ఒక్కటే. ఎవరైనా పరిగెత్తుకుంటూ వస్తుంటే ఆయన కాలు యాక్సిలరేటరు మీద పడేది కాదు. తల తిప్పి పక్కద్దంలోకి చూస్తే ఓ మనిషి చెయ్యి ఊపుతూ కనిపించేది. అంతే, బస్సు అక్కడే పాతేసినట్టు నిలబడిపోయేది. ఆ మనిషి ఎక్కేలోపు వెనక ఇంకొకరు తేలేవాళ్లు. పదకొండేళ్లు ఆయన బస్సులోనే డ్యూటీ చేసిన కండక్టరమ్మ వెనకనుంచి గొంతు చించుకునేది.

"రైట్ రైట్! అన్నా, ఊళ్లో జనమంతా ఎక్కేదాకా ఆగుతావా ఏంటి? పోనియ్!"

"పరిగెత్తుకొస్తోంది చెల్లెమ్మా. మొహమ్మీద తలుపేసినట్టు ఎలా పోతాం?"

అలా ఎక్కినావిడే, ఆయాసం తీరి సీటు దొరికాక, రెండో స్టాపు నుంచి అందరికన్నా గట్టిగా విసుక్కునేది: "ఈ డ్రైవరెవరండీ బాబూ, నత్తకి స్టీరింగిచ్చినట్టుంది!"

ఆలస్యానికి ఆయనకొచ్చిన మెమోలు ఇంట్లో వంటగది అలమరా అరల్లో పరుచుకోవడానికి పనికొచ్చాయి. అన్ని అరలూ నిండాక కూడా ఇంకా మిగిలాయి. ఒక్కదానికైనా ఆయన బాధపడిన పాపాన పోలేదు. "కాలం ఎక్కడికి పోతుందిలే, రేపు మళ్లీ అదే టైముకి బయల్దేరతాం కదా" అనేవాడు.

యాభై ఏడో ఏట, ఏటా జరిగే కంటి పరీక్షలో దొరికిపోయాడు. గోడమీది అక్షరాలన్నీ గడగడా చదివేశాడు. తర్వాత తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో మొహం పెట్టించి, పక్కల్లో చుక్కలు మెరిసినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఆయన బుద్ధిగా కూర్చున్నాడు. మధ్యలో రెండు మూడు తప్ప చుక్కలే రాలేదు.

"మిషను చెడిపోయినట్టుంది డాక్టరమ్మా" అన్నాడు.

మిషను బాగానే ఉంది. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు అంచులు కొద్దికొద్దిగా చెరిగిపోతూ వచ్చాయి. ఎదురుగా ఉన్నది సూదిమొనలా కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు. రోజూ చుక్కల మందు వేసుకుంటే ఉన్న చూపు నిలుస్తుంది, బస్సు మాత్రం ఇక నడపకూడదు అని చెప్పింది డాక్టరమ్మ. ఎవరైనా పరిగెత్తుకొస్తున్నారేమోనని మాటిమాటికీ తల తిప్పి చూసే అలవాటే ఇన్నాళ్లూ అందర్నీ కాపాడిందని కూడా చెప్పింది. ఆ ముక్క మాత్రం డిపోకి రాసిన చీటీలో లేదు.

డిపో మేనేజరు మంచివాడే. "ఇంకో మూడేళ్లే కదండీ సర్వీసు. నీడపట్టున హాయిగా కూర్చోండి" అని ఆయన్ని పోయిన సామాన్ల గదికి మార్చాడు.

బస్సుల్లో జనం మర్చిపోయిన వస్తువులన్నీ చేరేది అక్కడికే. గొడుగులు నూటికి పైగా ఉన్నాయి. ఒంటి చెప్పులు ఓ బుట్టెడు, తాళంచెవులు ఓ డబ్బాడు, ఎవరో పరుగుపందెంలో గెలుచుకున్న కప్పు ఒకటి, గాజుసీసాలో నీళ్లలో వేసి ఉంచిన పళ్లసెట్టు ఒకటి. వచ్చి అడిగేవాళ్లు వారానికి ఇద్దరో ముగ్గురో. మిగతా టైమంతా నిదానం కిటికీలోంచి బస్సులు బయటికెళ్లడం చూస్తూ కూర్చునేవాడు. ఏ బస్సు గేరు ఎలా పడుతోందో చప్పుడును బట్టి చెప్పగలడు. ఎవరూ అడిగేవాళ్లు కారు. పద్నాలుగో నంబరు ఇప్పుడు సరిగ్గా టైముకి వెళ్తోందని మాత్రం అందరూ వచ్చి చెప్పేవాళ్లు.

రక్తపరీక్షల లాబులో పనిచేసే కూతురు నాన్న వాలకం చూసి, ఓ ఆదివారం ఆయన ఫోనులో 'నగర సారథి' అనే ఆట పెట్టింది.

"బస్సు నడిపే ఆట నాన్నా. సరదాగా ఉంటుంది, ఆడుకో."

"నాకేమన్నా ఆరేళ్లా?" అని ఫోను పక్కన పెట్టాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మళ్లీ తీశాడు. మొదటి పది నిమిషాలూ తప్పులు పట్టడంతోనే సరిపోయింది. ఇంత పొడుగు బస్సు ఇంత ఇరుకు మలుపులో తిరగదన్నాడు. బ్రేకు అంత తొందరగా పట్టదన్నాడు. సాయంత్రమయ్యేసరికి మాటలు తగ్గాయి. కళ్లజోడు సర్దుకుని, సోఫాలో నిటారుగా కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా నడుం కూడా వంచుతున్నాడు. చూపంతా తెర మధ్యలోనే. చిన్న తెర, దానికి పక్కలేమున్నాయి గనక! ఈ బస్సు నడపొద్దని ఏ డాక్టరూ చీటీ రాసివ్వలేదు.

ఇక్కడొక చిక్కుంది. ఆటలో రెండో స్టాపు దగ్గర, బస్సు కదిలే సమయానికి, పచ్చగొడుగు పట్టుకున్న ఒక ముసలావిడ సందులోంచి పరిగెత్తుకొస్తుంది. ఆవిడ కోసం ఆగితే పాయింట్లు రావు. వదిలేసిపోతే తగ్గవు. వీధికి కాస్త కళ రావాలని ఆట తయారుచేసినవాళ్లు చెట్లనూ పిట్టలనూ పెట్టినట్టే ఆవిణ్ణీ పెట్టారు. లక్షలమంది ఆడే ఆ ఆటలో ఎవరూ ఆవిడ మొహం సరిగ్గా చూసి ఉండరు. నిదానం ఆగాడు.

ఆవిడ ఎక్కేసరికి గడియారం ఎర్రబడింది. ఆలస్యమైతే ట్రిప్పుకొక నక్షత్రం పోతుంది. అయితే ఆటవాళ్లు దయగలవాళ్లు. తెర నట్టనడుమ ఓ బంగారు గడియారం మెరుస్తూ ఊగింది. 'ఇంకో నిమిషం కావాలా? ఐదు నాణేలు!' నిదానం దాన్ని పైకి చదువుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఆయన్ని ఇంత మర్యాదగా ఎవరూ అడగలేదు. మెమో ఇచ్చినవాళ్లే గానీ, ఇంకో నిమిషం కావాలా అన్నవాళ్లు లేరు.

ఊరికే ఇచ్చిన నాణేలు రెండు రోజుల్లో అయిపోయాయి. మూడోరోజు గడియారం కింద ఓ సంచి బొమ్మ వచ్చింది. యాభై నాణేలు, ఖరీదు ఒక టీ అంత. కరెంటు బిల్లు కట్టడానికని కూతురు ఎప్పుడో ఇంటి పొదుపు ఖాతాని ఆయన ఫోనుకి కలిపి పెట్టింది. ఒక్క టీ తాగలేదనుకుంటే సరి, అనుకుని నొక్కాడు. ఆ వారంలో ఆయన మానేసిన టీలన్నీ లెక్కేస్తే మనిషికి నిద్రపట్టకపోయేది. తర్వాత సంచి పోయి పెట్టె వచ్చింది. దాని ఖరీదు ఓ చొక్కా. పెట్టె పోయి బీరువా వచ్చింది. 'వద్దు' అనే గుర్తు లేకపోలేదు. తెర పైమూలలో, ఆవగింజంత ఉంది. కంటి యంత్రంలో చుక్కలున్నట్టే అదీ ఉంది.

అలాగని ఆయనకేమీ తెలియదనడానికి వీల్లేదు. డబ్బు పోతోందని తెలుసు. కానీ ప్రతి ట్రిప్పు చివరా ఓ ఉత్తరం వచ్చేది: 'సారథిగారూ, మీ బస్సులో ప్రయాణం ఎంతో హాయిగా ఉంది. మీలాంటివారు అరుదు!' ఒకరోజు డిపో క్యాంటీన్లో కండక్టరమ్మను కూర్చోబెట్టి ఆ ఉత్తరాలన్నీ పైకి చదివి వినిపించాడు.

ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. "అన్నా, అది మిషను రాస్తుంది. అందరికీ అదే ముక్క రాస్తుంది."

"మిషనైనా రాసింది కదమ్మా. పదకొండేళ్లు నా వెనక నిలబడ్డావు, నువ్వొక్కసారన్నా అన్నావా?"

కండక్టరమ్మ నవ్వు ఆపేసింది. టీ తాగేసి, డ్యూటీకి టైమైందని లేచిపోయింది.

నాలుగు నెలలు తిరిగేసరికి ఆటలో నిదానానికి తొమ్మిది బస్సులు, ఒక షెడ్డు, పట్టణం మొత్తం మీద మూడో స్థానం. మొదటి రెండు స్థానాల్లోనూ ఉన్నవాళ్లు నిద్రపోరని వినికిడి.

ఇంటి పొదుపు ఖాతా ఆయనదే కాదు, ఆయన భార్యది కూడా. ఆవిడ బట్టలుతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణంలో కౌంటరు దగ్గర పనిచేసేది. వచ్చిన ప్రతి ప్యాంటూ ప్రతి కోటూ జేబులు తడిమి చూడటం ఆవిడ డ్యూటీ. ఊళ్లో ఏ మగాడు ఎక్కడికి వెళ్లి ఏం దాచాడో ఆవిడకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. తన మొగుడి జేబుల్లో మాత్రం ఇరవై తొమ్మిదేళ్లుగా దువ్వెన, చిల్లర, ఈమధ్య చుక్కల మందు తప్ప ఏమీ దొరకలేదని అందరికీ గొప్పగా చెప్పుకునేది. జేబుతో పనిలేకుండా కూడా డబ్బు పోతుందని ఆవిడకెవరు చెప్పారు?

రోజంతా నిలబడటంతో ఆవిడకి నడుం నొప్పి. గట్టి పరుపు మీద పడుకోమని డాక్టరు చెప్పాడు. ఏడాదిపాటు కూడబెట్టి, ఒక శనివారం మొగుణ్ణి వెంటబెట్టుకుని పరుపుల దుకాణానికి వెళ్లింది. నాలుగు పరుపుల మీద పడుకుని చూసింది. ఐదోది నచ్చింది. దాని మీద అలాగే పడుకుని, కళ్లు మూసుకుని, "ఏమండీ, కట్టేసి రండి" అంది. అలాంటి హాయి ఆవిడ మొహంలో ఆయన చూసి చాలా కాలమైంది.

నిదానం కదల్లేదు. దుకాణదారే కార్డు పుచ్చుకుని గీశాడు. మళ్లీ గీశాడు. "ఇందులో అంత లేదండీ" అన్నాడు, పక్కనున్న వాళ్లకి వినపడకుండా, దిండు ధర చెబుతున్నంత మెల్లగా.

ఇంటికొచ్చాక కూతురు ఫోనులో ఖాతా తెరిచి చూసింది. పేజీ తర్వాత పేజీ ఒకటే పేరు. కూతురి మొహం పాలిపోయింది.

"నాన్నా, ఇదంతా ఆటలోనేనా?"

"దేనికైంది ఇంత?" అంది భార్య. "చెప్పండి. ఏం కొన్నారు?"

"నిమిషాలు" అన్నాడు నిదానం.

"ఏంటీ?"

"నిమిషాలే. ఆవిడ కోసం ఆగాల్సొచ్చేది, దాంతో ఆలస్యమయ్యేది..."

భార్య కుర్చీలో కూర్చుంది. "ఎవరావిడ?"

ఇంత చిన్న ప్రశ్నకి సమాధానం చెప్పడం ఇంత కష్టమని ఆయనకు అప్పుడే తెలిసింది. చివరికి ఫోను తీసి, ఆట తెరిచి, భార్య పక్కన కూర్చుని చూపించాడు. మొదటి స్టాపు దాటింది. రెండో స్టాపు వచ్చింది. పచ్చగొడుగు ముసలావిడ సందులోంచి పరుగందుకుంది.

భార్య కళ్లజోడు పెట్టుకుని మరీ చూసింది. "ఈవిడా?"

"ఆఁ."

"ఈవిడ కోసం నా పరుపు..." అని ఆగిపోయింది. ఆవిడకి ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో ఆవిడకే తెలియలేదు. "రోజూ వస్తుందా?"

"ప్రతి ట్రిప్పుకీ వస్తుంది."

"ప్రతి ట్రిప్పుకీ ఆలస్యంగానేనా? అయితే పది నిమిషాలు ముందే ఇంట్లోంచి బయల్దేరొచ్చుగా! ఎక్కనియ్యకండి. రెండు రోజులు ఎక్కనియ్యకపోతే అదే అలవాటవుతుంది!"

కూతురు మొహం పక్కకి తిప్పుకుంది. నిదానం మాత్రం నవ్వలేదు. తలొంచుకుని, "తప్పయిపోయింది" అన్నాడు. "నీ నడుం సంగతి తెలిసి కూడా చేశాను. బస్సు దిగాక నాకు... ఎవరూ నా కోసం చెయ్యి ఊపడం లేదు. అందులో ఊపుతున్నారు."

భార్య లేచి వంటగదిలోకి వెళ్లి, ఏ వంటా చెయ్యకుండానే గిన్నెలు చాలాసేపు సర్దింది.

డబ్బు వెనక్కివ్వమని కూతురు ఆట కంపెనీకి రాసింది. 'ప్రియమైన సారథీ, మీ నమ్మకానికి కృతజ్ఞతలు. వాడిన నిమిషాలు తిరిగి తీసుకోలేము' అని జవాబొచ్చింది, కింద కానుకగా పది నాణేలు. ఇక మిగిలింది ఒకటే దారి. మంచి స్థానంలో ఉన్న ఆటగాడి ఖాతాని, బస్సులూ షెడ్డుతో సహా, ఇంకొకరికి అమ్మేయొచ్చట. కొనేవాళ్లుంటారని కూతురు చెబితే ఎవరూ నమ్మలేదు. రెండు రోజుల్లో ఒకాయన దొరికాడు.

ఆయన పళ్లడాక్టరు. సొంత క్లినిక్కు, పెద్ద కారు. ఎనిమిది నెలలుగా ఆడుతున్నా ఆటలో నాలుగువేల స్థానం దాటలేకపోయాడు. స్వయంగా పోయిన సామాన్ల గదికే వచ్చాడు. కూర్చోగానే గాజుసీసా చేతిలోకి తీసుకుని, లోపలి పళ్లసెట్టును వెలుతురుకి పెట్టి చూసి, "మంచి పనితనం. ఇది లేకుండా ఆయన ఎలా తింటున్నాడో!" అని బాధపడ్డాడు. ఆ ఒక్క మాటకే నిదానానికి ఆయన మీద గురి కుదిరింది.

బేరం భార్య చేసింది. సెలవు పెట్టి మరీ వచ్చి, తొమ్మిది బస్సుల్నీ పేరుపేరునా వర్ణించింది. ఆవిడ వాటిని చూసింది వారం క్రితమే.

"మా వారి చేతి బండ్లు డాక్టరుగారూ. ఒక్క గీత లేదు. కావాలంటే చూసుకోండి."

"అది ఆటండీ, గీతలు..."

"ఆటైతే మాత్రం? చూసుకోండి."

డాక్టరు చూసుకున్నాడు. నిజంగానే లేవు. పోసిన డబ్బులో సగానికి బేరం తెగింది. పరుపు వచ్చింది. దానితో కలిపి అమ్మే దిండ్లు రాలేదు.

వారం గడిచింది. నిదానం ఇక ఆడనని భార్యకిచ్చిన మాట నిలబెట్టుకుని ఆట జోలికి పోలేదు, కిటికీ దగ్గరే కూర్చున్నాడు. కానీ పట్టణంలో ఎవరి స్థానం ఎంతో ఎవరైనా చూడొచ్చు, దానికి ఖాతా అక్కర్లేదు. మూడో స్థానం పదకొండయింది. పదకొండు నలభైరెండయింది. కింద 'ప్రమాదాలు: పదిహేడు' అని రాసి ఉంది. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్కటి లేనివాడికి వారంలో పదిహేడు! ఆయనకు ఒళ్లు మండిపోయింది. క్లినిక్కుకి ఫోను చేశాడు.

"డాక్టరుగారూ, ఏం చేస్తున్నారండీ ఆ బస్సుల్ని?"

"నడుపుతున్నానండీ. టైముకే నడుపుతున్నాను!"

"మలుపులో ముందు బ్రేకు, తర్వాత స్టీరింగు. మీరు రెండూ ఒకేసారి చేస్తున్నట్టున్నారు."

అవతల డాక్టరు ఉలిక్కిపడ్డాడు. "మీకెలా తెలుసు?"

ఆ రోజునుంచి సాయంత్రాలు ఫోనులో పాఠాలు మొదలయ్యాయి. డాక్టరు శ్రద్ధగానే నేర్చుకున్నాడు, కానీ ఆయన చేతులు పళ్లకి అలవాటుపడినవి. అంత చిన్న నోట్లో అంత నేర్పుగా తిరిగే వేళ్లు అంత వెడల్పు రోడ్డు మీద తిరగలేకపోయాయి. నెలాఖరుకి స్థానం రెండువందలకి పడింది. ఓ సాయంత్రం ఆయన ఇబ్బందిగా గొంతు సవరించుకుని అడిగాడు.

"అంకుల్, మీరేమీ అనుకోనంటే... రోజూ ఓ రెండు గంటలు నా తరఫున మీరే నడిపిపెడతారా? ఊరికే వద్దు. నెలనెలా జీతమిస్తాను."

నిదానం ఫోను చెవి దగ్గరే పట్టుకుని భార్య వైపు చూశాడు. ఆవిడ అప్పటికే తల ఊపుతోంది. ఒప్పుకోమని కాదు, ఇంకాస్త ఎక్కువ అడగమని.

అలా తను డబ్బిచ్చి నడిపిన బస్సుల్నే, డబ్బు పుచ్చుకుని నడపడం మొదలుపెట్టాడు. ఆరు వారాల్లో స్థానం మళ్లీ ఐదుకొచ్చింది. నెల తిరగ్గానే యజమానికి నాణేల బిల్లు వెళ్లింది. ఆ సాయంత్రమే మెసేజి వచ్చింది: 'అంకుల్, ఇన్ని నిమిషాలెందుకు కొన్నారు? ప్రతి ట్రిప్పూ రెండో స్టాపులో ఎందుకు ఆలస్యం?' నిదానం రెండుసార్లు చదువుకుని ఫోను చేశాడు, ముసలావిడ సంగతి చెప్పాడు. డాక్టరుకు ఆ ఆటలో అలాంటి మనిషొకరున్నట్టే తెలియదు. పరిగెత్తుకొస్తున్నావిణ్ణి వదిలేసి పోవడం తనవల్ల కాదనీ, కావాలంటే ఇంకో డ్రైవర్ని చూసుకోమనీ నిదానం ఖరాఖండిగా చెప్పేశాడు. ఇరవై తొమ్మిదేళ్లలో ఏ మేనేజరుతోనూ ఆయన ఇంత గట్టిగా మాట్లాడలేదు.

డాక్టరు లెక్కలు వేసుకున్నాడు. ఐదో స్థానం వైపు ఓసారి చూసుకున్నాడు. "రోజుకి ఆరు నిమిషాలు. అంతకు మించి ఇవ్వలేను" అన్నాడు.

"ఎనిమిది" అంది వెనకనుంచి నిదానం భార్య. ఏడు దగ్గర తెగింది.

ఇంకో మాట కూడా అప్పుడే తేల్చుకున్నారు. డ్రైవరన్నాక వారానికో సెలవుండాలి. నిదానానికి మంగళవారం సెలవు. ఆ రోజు డాక్టరు క్లినిక్కు తలుపులు కాస్త ముందే వేసుకుని, షెడ్డులో అన్నిటికన్నా పెద్ద బస్సు తీసుకుని, తనే నడుపుకుంటాడు. పాపం, ఆయన బస్సులే కదా. బుధవారం నిదానం ఓ గంట ముందే కూర్చుని, కళ్లలో మందు వేసుకుని, బస్సుకి పడిన సొట్టలు ఎన్నో చూసుకుని, ఒక్కొక్కటీ బాగుచేయిస్తాడు. ఆ ఖర్చు యజమానిది.